బుక్కపట్నం చెరువులో గంతులేసిన బోటు

నాకు ఈత రాదు. మా నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా మెకానిక్‌గా పనిచేశాను కానీ ఆ సంగతి ఎవరూ అడగలేదు, నాకూ చెప్పే అవసరం రాలేదు. హిందూపురంలో పుట్టి పెరిగినవాడికి ఈత రాకపోవడం వింతేమీ కాదు. మా చిన్నప్పుడు నీళ్లను బిందెల్లో తప్ప ఎక్కడ చూశాం? జీపులు, ట్రాక్టర్లు, రోడ్డు రోలర్లు, పంపుసెట్లు, ఒకసారి మా హెడ్‌క్లర్కు ఇంటి పిండి గ్రైండరు, అన్నీ పెనుకొండ వర్క్‌షాపు రేకుల కింద నేల మీద నిలబడే బాగు చేశాను. రిటైర్‌మెంటుకు ఇంకో ఏడాదిన్నర ఉందనగా, బోటు ఎగురుతోంది, వెంటనే వెళ్లి సరిచేయమని ఒక కాగితం వచ్చింది.

ఐటీఐ ముగించి కొత్తగా స్పానరు పట్టుకున్న పిల్లలూ, ఇది మీ కోసం రాస్తున్నాను. నేను బ్రహ్మాండంగా చేసిన రిపేర్లు చాలా ఉన్నాయి. వాటిని ఇంట్లో చెప్పీ చెప్పీ, ఇప్పుడు నేను గొంతు సవరించుకుంటే చాలు మావాళ్లు చెప్పులు వేసుకుని బయటికి పోతున్నారు. ఇది వాటిలో చేరదు. ఇందులో నేను ఒక మనిషికి అన్యాయం చేశాను, ఆ తర్వాత దానికే మెప్పు కూడా పొందాను.

ముందు బోటు సంగతి చెప్పాలి. కాలువ నీళ్లొచ్చి బుక్కపట్నం చెరువు నిండాక, ఆ నీటి మీద గస్తీ తిరగాలని మా శాఖకు బుద్ధి పుట్టింది. బెంగుళూరులో ఎవరో షోకిల్లా రాయుడు మోజుపడి కొని, మోజు తీరి అమ్మకానికి పెట్టిన ఫైబరు బోటు ఒకటి దొరికింది. గాలం వేసి చేపలు పట్టడమే సరదాగా పెట్టుకున్నవాళ్ల కోసం చేసిన బోటు అది. పొడవుగా, నీటికి ఆనుకుని ఉంటుంది. ముందు భాగంలో నిలబడి గాలం విసిరేందుకు వెడల్పాటి అరుగు, మధ్యలో స్టీరింగు, వెనక మెత్తటి సీటు, దాని వెనక ఇంత లావు ఇంజను. పట్టిన చేపలు చావకుండా ఉంచేందుకు వెనక సీటు కింద ఒక నీళ్ల తొట్టి కూడా ఉంది. మావాళ్లు అందులో ఐసుగడ్డలు వేసి మజ్జిగ ప్యాకెట్లు, నీళ్ల బాటిళ్లు పెట్టుకునేవాళ్లు. చేపలకంటే మజ్జిగ చల్లగా ఉండటమే శాఖకు ముఖ్యం.

దాన్ని నడపడానికి చెరువు పక్కనే పుట్టిన మనిషిని కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. నలభై దాటిన మనిషి, తాతల కాలం నుంచీ వలలు వేసే ఇల్లు. మాట తక్కువ. ఏటేటా కాంట్రాక్టు పొడిగిస్తే ఉద్యోగం, లేకపోతే మళ్లీ వల.

కాగితంలో రాసిన ఫిర్యాదు ఏమిటంటే, బోటు వేగం అందుకోగానే ముక్కు పైకి లేస్తోంది, నీళ్ల మీద దబ్బున పడుతోంది, మళ్లీ లేస్తోంది. కప్పలా గంతులేస్తోందన్నమాట. ఆ గంతుల్లో మా జిల్లా పెద్దసారు నడుము పట్టేసింది, తెల్ల చొక్కా మీద టీ ఒలికింది. ఈ రెంటిలో ఏది పెద్ద నష్టమో కాగితంలో రాయలేదు.

నేనూ, మా ఫిట్టరూ బయలుదేరాం. ఫిట్టరు ధర్మవరం మనిషి. వాళ్లింట్లో అందరూ మగ్గం మీద కూర్చునేవాళ్లే. తనొక్కడే కాళ్లు లాగుతాయని స్పానరు పట్టాడు. నోరు ఊరుకోదు, చెయ్యి మాత్రం బంగారం. బస్సులో దారి పొడవునా నన్ను ఆడిపోసుకుంటూనే ఉన్నాడు.

"అన్నా, నీకు ఈత రాదని రాసిచ్చినావా ఆఫీసులో?"

"నోరు మూసుకోబ్బా. నేను ఇంజను చూడనీకి పోతాండా, ఈదనీకి కాదు."

గట్టు మీద నిలబడి చూస్తే చెరువు అవతలి ఒడ్డు కనపడలేదు. లైఫ్ జాకెట్టు వేసుకుని, దాని మీద ఇంకొకటి వేసుకున్నాను. ఫిట్టరు నవ్వుతుంటే పట్టించుకోలేదు. బోటు ఎక్కి నేరుగా ముందుకు పోయి అరుగు కింద నేల మీద చతికిలబడి, పక్కనున్న తాడును రెండు చేతులా పట్టుకున్నాను. వెనక పక్క ఇంజను, దాని కింద తిరిగే ఫ్యాను, చుట్టూ నురుగు. అటు చూడాలంటేనే కళ్లు తిరిగాయి. ఫిట్టరు నాకు తోడుగా ముందుకే వచ్చాడు. డ్రైవరు స్టీరింగు దగ్గర నిలబడి కాసేపు మమ్మల్నిద్దరినీ చూశాడు.

"సార్, ఒకసారి ఎనకాల కూచ్చుంటారా?" అన్నాడు.

"ఏంటికి?"

"ఊరికే సార్. ఆడ కూచ్చుంటే తెలుస్తాది."

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. మెకానిక్‌కు ఎక్కడ కూర్చోవాలో డ్రైవరు చెప్పడమేమిటి? పైగా నా భయం అతనికి తెలిసిపోయిందేమోనని ఉక్రోషం. "యాడ కూచ్చుంటే ఏమప్పా, బోటు అదే కదా! నువ్వు పోనీ," అని కసిరాను. అతను పోనిచ్చాడు.

బోటు సాఫీగా పోయింది. ఎంత వేగం పెంచినా ముక్కు కాస్త లేచి, సర్దుకుని, నీటి మీద జారుతూ పోయింది. రెండు చుట్లు తిరిగాం. గంతు లేదు, గింతు లేదు. ఒడ్డుకు రాగానే అక్కడే పడవ మీద కాగితం పెట్టి రాశాను: "బోటును పూర్తి వేగంతో నడిపి పరీక్షించడమైనది. బోటులోగాని, ఇంజనులోగాని ఎటువంటి లోపమూ లేదు." కింద సంతకం. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే బస్సులో ఇంకోసారి ఫిట్టరుకు చదివి వినిపించాను.

మెకానిక్ కాగితం ఎంత పదునుగా ఉంటుందో ఆ రోజు నాకు తోచలేదు. బోటులో లోపం లేదని నేను రాశానంటే, లోపం ఇంకెక్కడో ఉందని రాసినట్టే. బోటులో బోటు కాక ఉన్నది ఎవరు?

పది రోజులకు పెద్దసారు మళ్లీ చెరువుకు వెళ్లాడు. బోటు మళ్లీ ఎగిరింది, ఈసారి ఇంకా బాగా ఎగిరిందట. ఒడ్డుకొచ్చి ఆయన నా కాగితం తెప్పించుకుని చదివాడు. లోపం లేదని మెకానిక్ రాశాడు, మరి ఎగరేస్తున్నదెవరు? తాగి నడుపుతున్నాడని అక్కడే తేల్చేశాడు. మద్యం సేవించి నిర్లక్ష్యంగా బోటు నడిపినందుకు నిన్నెందుకు తొలగించకూడదో పది రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలని డ్రైవరుకు మెమో వచ్చింది. అందులో "మెకానిక్ నివేదికను అనుసరించి" అనే మాట కూడా ఉంది.

ఆ మెమో పట్టుకుని డ్రైవరు బస్సెక్కి పెనుకొండ వచ్చాడు. నేనప్పుడు జీపు కింద పడుకుని ఉన్నాను. ముందు నాకు అతని కాళ్లే కనిపించాయి. అరిగిన రబ్బరు చెప్పులు, పాదాలకు ఎండిన బురద. బయటికొచ్చి చూస్తే మెమో చేతికిచ్చాడు.

"సార్, నేను మందు ముట్టను. మా నాయన తాగి వల తీయనీకి పోయి చెరువులోనే పోయినాడు. నేనే దిగి పైకి తీసినా. ఆ పొద్దు మా అవ్వ నా చేత ఒట్టేయించుకొన్యాది. ఇంతవరకూ వాసన కూడా చూడలేదు. నువ్వు రాసిన కాగితంతోనే నన్ను తాగుబోతును చేసినారు సార్."

అతను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ అరిచేవాణ్ని, నాకు బాగుండేది. "నేను నిన్ను గురించి ఒక్క మాట కూడా రాయలేదు కదప్పా," అన్నాను.

"అదే సార్ నేను చెప్పేది," అన్నాడు.

మా ఫిట్టరు అతనికి స్టూలు వేశాడు. టీ తెప్పించాడు, అంతే.

నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు మెకానిక్ చేసే పని ఒకటే, కనపడ్డ బోల్టునల్లా బిగించడం. మర్నాడే బుక్కపట్నం పోయాం. బండి ఎగిరితే ఏం చూస్తాం? చక్రం వంకర, స్ప్రింగు కట్టలు, బేరింగులు. బోటుకు చక్రాలు లేవు కాబట్టి ఫ్యాను విప్పి, రెక్కలు వంగాయేమో చూశాం. వంగలేదు. ఇంజను బోల్టులు బిగించాం. అవి అంతకుముందే బిగువుగా ఉన్నాయి. బోటును ఒడ్డుకు లాగి దుంగల మీదికెక్కించి, తిన్నని కమ్మీ ఒకటి అడుగున ఆనించి ఎక్కడైనా పల్లం పడిందేమో చూశాం. అదీ లేదు. సాయంకాలానికి ఆ ఫైబరు బోటు నన్ను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది.

మూడో రోజు టీ తాగుతూ, అడగకూడదనుకుంటూనే డ్రైవరును అడిగాను. "పెద్దసారు యాడ కూచ్చుంటాడప్పా?"

"ఎనకాల సార్."

"మిగతా వాళ్లు?"

"అందరూ ఎనకాలే సార్. పెద్దసారు నడిమధ్యలో, అసిస్టెంటు సార్లిద్దరూ చెరో పక్క. అటెండరు ఇంజను కాడ టిఫిన్ క్యారియరు పట్టుకొని గొంతుక్కూచ్చుంటాడు. వాళ్ల కింద తొట్టి నిండా ఐసు."

"ముందర ఎవురూ కూచ్చోరా?"

"యాడ కూచ్చుంటారు సార్? ముందర కూచ్చుంటే పెద్దసారుకు ఈపు చూపించినట్లు కాదా?"

ఫిట్టరు టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

చెరువు కట్ట పనికి తెచ్చిన ఇసుక మూటలు గట్టు మీదే ఉన్నాయి. వాటిని మోయించాం. పెద్దసారు ఎన్ని మూటల బరువు ఉంటాడనే దాని మీద కాస్త చర్చ జరిగింది. "రెండు సిమెంటు మూటలకు ఒక చిప్ప తక్కువ," అని ఫిట్టరు తేల్చాడు. ఆ మూటలు వెనక సీటు మధ్యలో పెట్టి, వాటికి తన ఎర్ర తువ్వాలు చుట్టి, నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. చెరో పక్క అసిస్టెంట్లు, ఇంజను దగ్గర సగం మూట అటెండరు. తొట్టిలో నీళ్లు నింపాం. ముందు భాగం ఖాళీ. నేను గట్టు మీదే ఉండి చూస్తానన్నాను, దూరం నుంచి అయితే బాగా కనపడుతుందని కారణం చెప్పాను.

డ్రైవరు వేగం పెంచాడు. చెరువు మధ్యకు పోకముందే ముక్కు లేచింది. ఆకాశం వైపు చూసి, దబ్బున పడి, మళ్లీ లేచింది. మూటల్లోంచి ఇసుక ఎగిరిపడుతోంది. ఒడ్డుకు వచ్చాక అవే మూటలు మోసుకెళ్లి ముందు పెట్టాం. బోటు వెన్నలో కత్తిలా పోయింది.

పిల్లలూ, ఇందులో ఉన్న విద్య ఇంతే. ఆ రకం బోటు వేగం అందుకుంటే నీళ్లలో తోసుకుంటూ పోదు, నీటి మీదికెక్కి జారుతుంది. తోక బరువైతే ముక్కు లేవాల్సినదానికంటే ఎక్కువ లేస్తుంది, నిలవలేక పడుతుంది, పడిన ఊపుకు మళ్లీ లేస్తుంది. మేం చేయగలిగినవి చేశాం. వెనకున్న బ్యాటరీలు రెంటినీ ముందు పెట్టెలోకి మార్చాం. ఇంజను వాలును పట్టి ఉంచే పిన్నును ఒక రంధ్రం లోపలికి మార్చి, ముక్కు కిందికి ఒరిగేలా చేశాం. తొట్టి ఖాళీ చేయించాం. గంతులు తగ్గాయి, పోలేదు. పోవాలంటే పెద్దసారు లేచి ముందుకొచ్చి కూర్చోవాలి. మా శాఖలో పాత జీపులు ఉన్న రోజుల్లో అయితే ఈ సమస్యే పుట్టేది కాదు. అప్పుడు అధికారులు డ్రైవరు పక్కన ముందు సీట్లో కూర్చునేవాళ్లు. కార్లొచ్చాక గౌరవం వెనక సీటుకు మారింది. ఆ మార్పు బోటు కూడా గమనించింది.

"ఇది నీకు మొదటి రోజే తెలుసు కదప్పా?" అని డ్రైవరును అడిగాను.

"మా పడవలో కూడా అంతే కదా సార్. వల ఎక్కడ పెట్టాలో, మనిసి ఎక్కడ కూచ్చోవాలో చూసుకోకపోతే పడవ మాట ఇనదు. మీకు చెప్పబోతే మీరు ఇనలేదు. పెద్దసారుకు చెప్పనీకి నాకు నోరు రాలేదు. లేసి ముందుకు పోండి అని నేను చెప్పేదా?"

ఆ రాత మార్చాలని నేను ఆఫీసుకు పోయి కొత్త కాగితం రాసిచ్చాను. "అధికారులందరూ వెనుక భాగంలో కూర్చొనుటవలన బరువు సమతూకం తప్పి..." హెడ్‌క్లర్కు, ఆ గ్రైండరు ఆయనే, ఒక్క లైను చదివి కాగితం నా చేతిలో పెట్టేశాడు.

"పెద్దసారు బరువు గురించి ఫైల్లో రాయనీకి నువ్వెవురప్పా? ఇంకా ఏడాదిన్నర సర్వీసు ఉండాది నీకు. పోయి బోటు చూసుకో."

నేను పోయి బోటు చూసుకున్నాను. అక్కడ గట్టిగా నిలబడాల్సింది, నిలబడలేదు.

ఉపాయం ఫిట్టరుది. సంజాయిషీ గడువు ముగిసే రోజే పెద్దసారు చెరువు తనిఖీకి వస్తున్నాడని తెలిసింది. ఆ ఉదయానికల్లా మేం వెనకున్న మెత్తటి సీటును రిపేరు పేరుతో విప్పేసి అక్కడ ఉత్త చెక్క, చెక్క మీద గ్రీసు డబ్బా పెట్టాం. స్టీరింగుకు ఎడమ పక్కన, కాస్త ముందుకు, ఆ సీటును బిగించాం. పట్టుకోవడానికి ఎదురుగా ఒక కమ్మీ. చివరగా ఫిట్టరు సంచిలోంచి ధర్మవరం నుంచి తెచ్చిన కొత్త తెల్ల టర్కీ టవలు తీసి సీటు వీపుకు కప్పాడు.

"అన్నా, మన ఆఫీసుల్లో ఏ గదిలోకి పోయినా పెద్దోడు ఎవురో మనకెట్ల తెలుస్తాది? టవలు చూసే కదా. ఆయనకీ అట్లే తెలుస్తాది."

పెద్దసారు వచ్చాడు. బోటులో కాలు పెట్టి అలవాటుగా వెనక్కి చూశాడు, గ్రీసు డబ్బా కనిపించింది. ముందుకు చూశాడు, టవలు కనిపించింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేరుగా పోయి టవలుకు ఆనుకుని కూర్చున్నాడు. అసిస్టెంట్లిద్దరూ ఆయనకు దగ్గరగా ఉండాలి కాబట్టి స్టీరింగు దాకా జరిగి నేల మీదే సర్దుకున్నారు. అటెండరు క్యారియరుతో వాళ్ల వెనక చేరాడు. మెకానిక్ కూడా ఉండాలన్నాడు పెద్దసారు. రెండు జాకెట్లు వేసుకుని నేనూ ఎక్కాను.

డ్రైవరు పోనిచ్చాడు. వేగం పెరిగింది. ముక్కు కాస్త లేచింది, దిగింది, కుదురుకుంది. చెరువు మధ్యదాకా బోటు జారుతూ పోయింది. పెద్దసారు జుట్టు గాలికి ఎగురుతుంటే మొహం వెలిగిపోయింది. వెనక సీట్లో ఆయనకు ఇన్నాళ్లూ డ్రైవరు వీపు తప్ప ఏమీ కనపడి ఉండదు. ఇప్పుడు చెరువంతా ఆయనదే.

వెనక్కి తిరిగి అసిస్టెంట్లతో, "చూసినారా? ఒక్క మెమో ఇస్తే బోటు కూడా దార్లోకి వస్తాది," అన్నాడు. తర్వాత డ్రైవరుతో, "మానేసినట్టుండావే! మంచిది. ఇట్లే ఉండు," అన్నాడు.

డ్రైవరు నా వైపు చూశాడు. ఒక్కసారే.

నేను చెప్పాల్సిన సమయం అదే. సార్, అతను ఎప్పుడూ తాగలేదు, తప్పు కాగితం రాసింది నేను, అని ఒక్క మాట. మధ్య చెరువులో ఉన్నాం, నాకు ఈత రాదు, ఒడ్డుకు పోయాక చెబుతాననుకున్నాను. ఒడ్డుకు పోయాక పెద్దసారు నా భుజం తట్టి, మంచి పనిమంతుడివని అన్నాడు. అంతే, చెప్పలేదు.

పెద్దసారు దిగిపోతూ ఇట్లే ఉండమని ఇంకోసారి అంటే, డ్రైవరు రెండు చేతులూ జోడించి, "సరే సార్," అన్నాడు. అతని ఉద్యోగం నిలిచింది. ఫైల్లో రాసిన మాట ఇది: "హెచ్చరిక అనంతరం డ్రైవరు ప్రవర్తన మెరుగుపడినందున చర్య విరమించడమైనది." నాకు ఒక ప్రశంసాపత్రం వచ్చింది. ఇంట్లో దాన్ని ఫ్రేము కట్టిస్తామంటే వద్దన్నాను, ఎందుకో చెప్పలేదు.

ఉద్యోగం నిలిచింది కదా, ఇంకేం కావాలి అని నాకు నేనే చెప్పుకుంటూ దాదాపు ఏడాదిన్నర గడిపాను. ఆ తర్వాత ఇంజను ఆయిలు మార్చడానికి బుక్కపట్నం పోయినప్పుడు, కట్ట కింద టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. ఎవరో ఒక పెద్దమనిషి దారిన పోతూ డ్రైవరును పలకరించాడు.

"ఏమప్పా, ఇంకా ముట్టలేదు కదా? గట్టిగా నిలబడినావు. మీ నాయన మాదిరి కాకుండా బయటపడినావు."

"లేదు మామా," అన్నాడు డ్రైవరు. తప్పు దిద్దలేదు. దిద్ది దిద్ది విసిగిపోయిన మనిషి గొంతు అది. టీ కొట్టతను కూడా తల ఊపాడు. ఒట్టు పెట్టుకుని జీవితమంతా నిలబెట్టుకున్న మనిషికి, ఊరంతా కలిసి ఈ మధ్యే మానేశాడని మెచ్చుకుంటోంది. ఆ రోజు నా మీద నాకు కలిగినంత అసహ్యం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

ఇంటికి పోయి కూర్చుని రాశాను. సర్వీసులో రాసిన కాగితాలన్నింటిలో అదొక్కటే ఒకటికి నాలుగుసార్లు చింపి రాసింది. మొదటి తనిఖీ నేను సరిగా చేయలేదని, వెనక కూర్చుని చూడమని డ్రైవరు అడిగితే భయపడి, కసిరి, కూర్చోలేదని, బోటు ఎగరడానికి కారణం వెనక బరువేనని, డ్రైవరు తప్పు ఏ కొంచెమూ లేదని, అతనికి తాగే అలవాటే లేదని. హెడ్‌క్లర్కు చదివి నిట్టూర్చాడు.

"ఆ సారు ట్రాన్స్‌ఫరై పోయినాడు. ఫైలు మూసేసినాం. ఇప్పుడేంటికప్పా ఇది?"

"మూసిన ఫైల్లోనే పెట్టు. నాకు కాపీ మీద ముద్ర వేసి ఇయ్యి."

ఏమనుకున్నాడో, వేసిచ్చాడు. నా రిటైర్‌మెంటుకు అప్పటికి ఇంకా వారం రోజులుంది, కాబట్టి నా ధైర్యాన్ని మరీ ఎక్కువ మెచ్చుకోకండి.

ఆ కాపీ పట్టుకుని బుక్కపట్నం పోయాను. ఫిట్టరు కూడా వచ్చాడు. డ్రైవరు టీ కొట్టు దగ్గరే ఉన్నాడు, చుట్టూ అయిదారుగురు ఉన్నారు. కాగితం చేతికిచ్చి, ఆఫీసు ముద్ర కూడా ఉందని చూపించాను. అతను చదివాడు. నిదానంగా, పెదాలు కదుపుతూ, చివరిదాకా చదివాడు. తర్వాత మడిచి మళ్లీ నాకే ఇచ్చాడు.

"దీన్ని నేను యాడ పెట్టుకునేది సార్? మా ఊర్లో ఆఫీసు ఫైలు సదివినోళ్లు ఎవురూ లేరు. మాట ఈడ తిరుగుతాండాది. ఈడ సదువు. గట్టిగా సదువు."

టీ కొట్టతను స్టవ్వు తగ్గించాడు. నేను లేచి నిలబడి చదివాను. "భయపడి" అనే మాట దగ్గర ఆగాను, ఎవరో నీళ్లిచ్చారు, తాగి మళ్లీ ఆ మాట నుంచే చదివాను. అంతకుముందు మెచ్చుకుంటూ పోయిన ఆ పెద్దమనిషి కూడా ఉన్నాడు. ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చదవడం అయ్యాక ఆయనే అన్నాడు:

"అయితే వీడు అస్సలు తాగనే లేదా? ఇన్నాళ్లూ ఊరికే పొగిడినామే!"

అందరూ నవ్వారు. డ్రైవరు కూడా నవ్వాడు. అతను నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, తాళంచెవి తీసుకుని లేచాడు.

"పదండి సార్, ఒక చుట్టు తిరిగొస్తాం."

బోటు దగ్గరికి పోయి, నాకు అలవాటైనట్టు ముందుకు నడవబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎనకాల సార్."

కాదనే మొహం నాకు లేదు. వెనక చెక్క మీద కూర్చున్నాను. ఆ పెద్దమనిషి నాకు ఒక పక్క, టీ కొట్టతను ఇంకో పక్క, ఫిట్టరు పళ్లు ఇకిలిస్తూ ఇంజను దగ్గర. ఆ రోజు తొందరలో నేను ఒక్క జాకెట్టే వేసుకున్నాను. బోటు వేగం అందుకుంది. ముక్కు లేచింది, ఇంకా లేచింది, నాకు ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. దబ్బున పడింది. నడుములోంచి మెడదాకా జల్లుమంది. మళ్లీ లేచింది. నేను ఆ పెద్దమనిషి పంచె పట్టుకుని సిగ్గు విడిచి కేకలు పెట్టాను.

డ్రైవరు స్టీరింగు వదలకుండా తల మాత్రం వెనక్కి తిప్పాడు.

"ఇప్పుడు తెలిసిందా సార్?"

"తెలిసిందప్పా," అని అరిచాను. "తెలిసింది, నిదానం చెయ్యి."

అతను ఇంకో చుట్టు తిప్పాడు.